నాలుగో రౌడీ

మొన్న కొవ్వూరు నుంచి రాజమండ్రి వస్తున్నాను. బస్సు బ్రిడ్జి మీదికి ఎక్కింది. ముందు సీట్లో ఒకాయన ఫోన్లో సినిమా చూస్తున్నాడు, బస్సంతటికీ వినపడేలా సౌండు పెట్టుకుని. హీరో గొడౌన్లోకి దూరాడు. మొదటివాణ్ణి గొలుసుతో కొట్టాడు. రెండోవాడి తల తలుపుకేసి బాదాడు. మూడోవాణ్ణి ఎత్తి నేలకేసి కొట్టాడు. అప్పుడు పసుపుపచ్చ చొక్కా వేసుకున్న నాలుగోవాడు పక్కనుంచి పరిగెత్తుకొచ్చాడు. హీరో అతని మెడ పట్టుకుని ఇనప సామాన్ల మీదికి విసిరేశాడు. ఆ మనిషి ఎడమ భుజం మీద పడి, ఒక్క పొర్లు పొర్లి, కదలకుండా ఉండిపోయాడు.

ఎడమ భుజం మీద పడ్డాడు గనకే గుర్తుపట్టాను. ముఖం కనపడింది అరక్షణమే.

ఆయన పోయి అప్పటికి నెల దాటింది. ముందు సీటాయన "అద్దీ!" అని తొడ మీద చరుచుకున్నాడు. నేను కిటికీ వైపు తిరిగి గోదావరి చూస్తూ కూర్చున్నాను. ఏడుపు రాలేదు. సిగ్గేసింది. ఎందుకు సిగ్గేసిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

సెట్లో ఆయన్ని ఎవరూ పేరుతో పిలిచేవారు కాదట. "నాలుగో రౌడీ, ఇటు జరుగు" అనేవారు. సినిమా చివర పడే పేర్లలోనూ ఆయన పేరు ఏనాడూ లేదు. నేనూ రాయడం లేదు. వాళ్ళావిడ వద్దంది. ఇంకో సంగతి. ఆయన నన్ను ఎప్పుడూ "అండి" అన్నాడు, "మాస్టారూ" అన్నాడు. నేను ఆయన్ని "నువ్వు" అనే అన్నాను. ఇప్పుడు రాసేటప్పుడు మాత్రం "ఆయన" అని రాస్తున్నాను. మనిషి పోయాక ఇచ్చే గౌరవం ఎంత తేలికో!

ధవళేశ్వరంలో మా ఇంటికి రంగులు వేయడానికి వచ్చాడు మొదటిసారి. షూటింగులు లేని రోజుల్లో ఆయన పని అదే. మా ఆవిడ తలుపు తీసి, చూసి, మళ్ళీ గడియ పెట్టేసింది. "ఎవడో రౌడీలా ఉన్నాడండీ" అంది నాతో, గొంతు తగ్గించి. తగ్గించింది చాలలేదు. బయట నుంచి జవాబొచ్చింది.

"ఆయ్, రౌడీనేనండి అమ్మగారూ. ఇవాళ మాత్రం రంగులెయ్యడానికొచ్చాను."

ఆరడుగుల మనిషి. కుడి కనుబొమ్మ మధ్యలో తెగిన గాటు. చిన్నప్పుడు అరుగు మీంచి పడితే అయిందట. కళ్ళెప్పుడూ ఎర్రగా ఉండేవి, చుక్క ముట్టని మనిషికి. ఆ ముఖం ఆయనకి సినిమాల్లో పని ఇచ్చింది, మిగతా అన్ని చోట్లా తలుపులు వేయించింది. కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కోకుండా ఎవరింట్లోకీ అడుగు పెట్టేవాడు కాదు. శనివారాలు ఒంటిపూట భోజనం. పక్కింటి పసిపిల్ల ఆయన్ని చూసి ఒకసారి గుక్కపట్టి ఏడిచింది. మర్నాటి నుంచి ఆ ఇంటి ముందుకొచ్చేసరికి ముఖం అటు తిప్పుకుని, రోడ్డుకి ఆ వారనుంచి నడిచేవాడు. పని అయ్యేదాకా ఎనిమిది రోజులూ అలాగే నడిచాడు.

టీ తాగే వేళ తన విద్య గురించి చెప్పేవాడు. "కొట్టడం ఎవడైనా కొడతాడండి. పడటమే పని. హీరోగారి చెయ్యి నాకు తగలదు. తగిలినట్టు నేను పడాలి. నేను సరిగ్గా పడకపోతే ఆయన వీరుడు కాదండి." మొదటి సినిమాలోనే కుడి చెవి దెబ్బతింది. అప్పటినుంచి ఎప్పుడూ ఎడమ భుజం మీదే పడేవాడు.

వేసిన ప్రతి రౌడీకీ ఒక పేరు పెట్టుకోవడం ఆయనకి అలవాటు. డైరెక్టరుకి తెలీదు, ఎవరికీ తెలీదు. "ఇందులో నా పేరు సత్తిబాబండి. పిల్లలు లేరు. గేదె ఉంది." ఇంకోదాంట్లో శ్రీను. తల్లికి చూపు ఆనదు. ఆ సినిమాలో ఆయన కనపడేది మూడు సెకన్లు, కొబ్బరి బొండాల బండి మీద పడి చచ్చిపోతాడు. సినిమాకి వెళ్ళినప్పుడల్లా వాళ్ళావిడ అడిగేదట, "ఈసారి పెళ్ళయిందా మీకు?" అని.

ఆ గొడౌన్ సినిమా గురించి ఆయన చెప్పింది ఇక్కడ చెప్పాలి. కథ మామూలే. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా హీరో కూతుర్ని ఎత్తుకుపోతుంది. పోలీసులు అమ్ముడుపోతారు, కోర్టు వాయిదాలు వేస్తుంది. హీరో ఒక్కొక్కణ్ణీ వెతికి చంపుతాడు. ఈయన గొడౌన్ గేటు దగ్గర కాపలా మనిషి. షాటుకి ముందు అసిస్టెంట్ డైరెక్టర్ని అడిగాడట, "నేనేం చేశానండి?" అని.

"నువ్వేం చెయ్యక్కర్లేదు. పరిగెత్తుకొచ్చి పడిపో."

"అది కాదండి. నన్ను చంపుతున్నారు కదా. నేనేం చేశానని?"

"గేటు దగ్గర నించున్నావు."

"నించుంటే చంపేస్తారాండి?"

"హీరో కోపం మీదున్నాడయ్యా బాబూ! లైటు పోతోంది, రా!"

ఇది చెప్పి ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను.

నేను డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్తాను. ఇక్కడి ఒక వారపత్రికలో సినిమాల మీద రాస్తాను. ఆ సినిమా రాజమండ్రిలో విడుదలైనప్పుడు ఇద్దరం మ్యాట్నీకి వెళ్ళాం. గొడౌన్ సీను వచ్చేసరికి హాలంతా లేచి నిలబడింది. ఈలలు, కాగితం ముక్కలు. నేనూ చప్పట్లు కొట్టాను. పక్కన ఆయన తెర చూడటం లేదు, వెనక్కి తిరిగి జనాన్ని చూస్తున్నాడు.

బయటికొచ్చి టీ బండి దగ్గర నిలబడ్డాం.

"మాస్టారూ, మీరూ చప్పట్లు కొట్టారండి."

"నిన్ను చూసి కాదయ్యా, సీను చూసి."

"అది తెలుసండి. తప్పు పట్టట్లేదు, అడుగుతున్నానంతే. గేటు దగ్గర నించున్నాను కదా, లోపల పిల్లలున్న సంగతి నాకు తెలుసో తెలీదో మీకు తెలుసాండి?"

"అంత లోతుకి ఎవరు చూస్తారు సినిమాలో?"

"పోనీ హీరోకి తెలుసాండి?"

నేను నా పాఠం మొదలుపెట్టాను. కోర్టుల్లో కేసులు ఏళ్ళ తరబడి నడుస్తాయనీ, డబ్బున్నవాడు తప్పించుకుంటాడనీ, అన్యాయమైపోయినవాడికి చీకటి హాల్లోనైనా కాసేపు న్యాయం దొరకాలి కదా అనీ. అంతకుముందు ఆవేశం మీద రాసిన వాక్యం ఒకటి కూడా ఆయనకి వినిపించాను. 'చట్టం చచ్చిన చోట హీరో పుడతాడు.'

ఆయన గ్లాసు పక్కన పెట్టాడు.

"కోర్టు సంగతి నాకు చెప్తారాండి? మా తమ్ముణ్ణి ఇసుక టిప్పర్ గుద్దేసింది. కేసు తొమ్మిదేళ్ళు నడిచింది. కొట్టేశారు. ఆ డ్రైవరుది కొవ్వూరేనండి. నేను లుంగీలో ఇనప రాడ్డు పెట్టుకుని వాడింటికి వెళ్ళాను. మా ఫైటర్లు ఇద్దరు తోడొస్తామన్నారు, వద్దన్నాను. వాడు మంచం మీద పడుకునున్నాడు. ఎందుకు గుద్దావురా అనడిగాను. రెండు రోజులు నిద్ర లేదన్నా, దిగితే ఉద్యోగం తీసేస్తానన్నాడు ఓనరు, స్టీరింగు మీద కన్నంటుకుపోయింది అన్నాడు. కోర్టులో ఎందుకు చెప్పలేదురా అంటే, ఓనరు వద్దన్నాడన్నాడు. రాడ్డు వాళ్ళ గోడకే ఆనించేసి వచ్చేశానండి."

"క్షమించేశావన్నమాట."

"లేదండి. ఎందుకు క్షమిస్తాను? ఇప్పటికీ వాడు కనపడితే నాకు ఒళ్ళు మండుతుంది. కానీ అడక్కుండా కొట్టేసుంటే ఓనరు సంగతి నాకు తెలిసేది కాదు కదండీ. కోర్టు ఆలస్యమే. నేనొప్పుకుంటాను. అయినా అక్కడ ముద్దాయిని కూడా నిలబెట్టి, నువ్వేం చెప్పుకుంటావు అని ఒక మాట అడుగుతారు. మా సినిమాల్లో అదొక్కటే ఉండదు. అది పెట్టాలంటే ఒక పాట తీసెయ్యాలండి."

ఆ వారం రివ్యూ రాశాను. ఆయన మాటలు రాయడానికి పనికొచ్చేవే. రాయలేదు. పొగిడితే చదువుతారు, ప్రశ్న వేస్తే తిడతారు. 'గుండె మంట చల్లారింది' అని శీర్షిక పెట్టాను. ఆయన ఆ కాగితం తెచ్చి, నా ఎదురుగా అక్షరాల కింద వేలు పెట్టుకుని నెమ్మదిగా చదివాడు. మడిచి జేబులో పెట్టుకుని, "బాగా రాశారండి" అన్నాడు.

తర్వాత రెండేళ్ళకి జరిగింది మిగతాది.

భీమవరానికి అవతల ఒక ఊరు. పేరు చెప్పను. చెప్తే, అది మా ఊరు కాదు, పక్క ఊరు అంటారు. అక్కడ ఒక ఇంటికి రంగులు వేసే పని దొరికింది ఆయనకి. ఆ రోజుల్లో ఫోన్లలో ఒక పుకారు తిరుగుతోంది, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు పనివాళ్ళ వేషాల్లో ఊళ్ళమీద పడ్డారని. మా కాలేజీ గ్రూపులోకీ వచ్చింది. ఎవరూ నిజమా అని అడగలేదు. నేనూ అడగలేదు.

మధ్యాహ్నం అన్నం తినడానికి బయటికొచ్చాడు. రోడ్డు మీద మూడేళ్ళ పిల్ల ఒక్కతే ఏడుస్తూ నిలబడింది. ఎవరమ్మాయివమ్మా అనడిగాడు. చెప్పలేదు. చెయ్యి పట్టుకుని ఎదురుగా ఉన్న కొట్టు దగ్గరికి నడిపించుకెళ్తున్నాడు, వాళ్ళకి తెలుస్తుందని. పిల్ల ఆయన ముఖం చూసి ఇంకా గట్టిగా ఏడ్చింది.

ఎవరో కేకేశారు. నలుగురు మూగారు. నలుగురు నలభైమంది అయ్యారు. అందులో ఒకడన్నాడట, "వీణ్ణి ఎక్కడో చూశాన్రా." ఇంకొకడు, "అవును, నేనూ చూశాను. పిల్లల్నెత్తుకుపోయే గ్యాంగులో వాడే."

చూశారు. అబద్ధం కాదు. ఆ ఊరంతా ఆయన్ని చూసింది, ఆ పసుపుపచ్చ చొక్కాలో. ఎక్కడ చూశారో మాత్రం ఎవడికీ గుర్తు రాలేదు.

"నేను యాక్టర్నండీ" అన్నాడట ఆయన, రెండు చేతులూ జోడించి.

"యాక్టింగ్ చేస్తున్నాడ్రోయ్!" అని ఒకడు అరిచాడు. జనం నవ్వారు. తర్వాత కొట్టారు.

నాకు ఆ వీడియో సాయంత్రం నాలుగింటికి వచ్చింది. కాలేజీ స్టాఫ్ రూములో కూర్చుని చూశాను. ముఖమంతా నెత్తురు, చొక్కా చిరిగిపోయి ఉంది, ఫోను ఊగిపోతోంది. కింద 'పిల్లల దొంగకి ప్రజల తీర్పు' అని ఉంది. పూర్తిగా కూడా చూడలేదు. 'ఇలాంటి వెధవలకి ఇదే సరైన మందు' అని రాసి, ఇంకో రెండు గ్రూపులకి పంపించాను. పంపించి, క్లాసుకి వెళ్ళాను. ఆ రోజు భాగస్వామ్య ఖాతాలు చెప్పాను.

మర్నాడు పొద్దున్నే వాళ్ళావిడ ఫోను చేసింది.

రాజమండ్రి ఆస్పత్రిలో ఆయన పళ్ళ మధ్యనుంచి మాట్లాడుతున్నాడు. దవడ విరిగింది. ఎడమ కన్ను తెరుచుకోవడం లేదు. మంచం పక్కన కొడుకు నిలబడి ఉన్నాడు. భీమవరంలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు, హాస్టల్లో ఉంటాడు. కబురు తెలిసి రాత్రికి రాత్రే వచ్చాడట. నాకు నమస్కారం పెట్టి బయటికెళ్ళిపోయాడు.

"పడటం నాకు ఒకడు కొడితేనే వచ్చండి మాస్టారూ" అన్నాడు ఆయన. "చుట్టూ అంతమంది కొడుతుంటే ఎటు పడాలో తెలీలేదు."

నేను చెప్దామనే వెళ్ళాను. చెప్పలేదు. తెచ్చిన బత్తాయిలు బల్ల మీద పెట్టి, డాక్టరుగారేమన్నారు అనడిగాను.

అయిదో రోజు వెళ్ళేసరికి ఆయనతో పనిచేసే ఫైటర్లు వచ్చి ఉన్నారు, ఆరుగురు. వీడియోలో అందరికంటే ముందు చెయ్యి చేసుకున్నవాణ్ణి కనిపెట్టారు. ఆ ఊళ్ళో సెల్ ఫోన్ల కొట్టు ఉంది వాడికి. వీళ్ళలో పెద్దవాడు మంచం మీదికి వంగి, "ఒక్క మాటనండన్నా. సాయంత్రానికి వాణ్ణి ఇదే ఆస్పత్రిలో పక్క మంచం మీద పడుకోబెడతాం" అన్నాడు. నాకు లోపల సంతోషం వేసింది. ఎవరైనా వెళ్ళి ఆ కొట్టువాణ్ణి విరగ్గొడితే నా భారం కూడా దిగిపోతుందని అనిపించింది. దాచుకోవడమెందుకు? ఆ క్షణంలో నేను మళ్ళీ హాల్లో కూర్చున్నాను.

ఆయన కుడి కన్ను అతని వైపు తిప్పాడు. తర్వాత, "ముందు అడిగి రా" అన్నాడు.

"ఏమని?"

"ఎందుకు కొట్టావని. నువ్వొక్కడివే వెళ్ళు. చెయ్యెత్తకు."

ఆ పెద్దాయన నిజంగానే వెళ్ళాడు. మర్నాడు వచ్చి చెప్పినప్పుడు నేను అక్కడే ఉన్నాను. "నాకూ నాలుగేళ్ళ కూతురుంది, భయమేసింది అని ఏడ్చాడన్నా. కాళ్ళు పట్టుకున్నాడు."

నేను ఆయన ముఖం వైపు చూశాను. జాలి పడతాడేమో అనుకున్నాను. పడలేదు.

"భయమేసిందంటే ఒప్పుకుంటాను. అది నిజమే అయుంటుంది" అన్నాడు. "మరి భయమేసినోడు పడిపోయినోడి మీద కాలు పెట్టి ఫొటో దిగుతాడా? ఇది కూడా అడగాల్సింది." మళ్ళీ తనే, "వాణ్ణి ఏం చెయ్యొద్దు. వాడి పేరు మాత్రం పోలీసులకి రాసివ్వండి. నేను బతికుండగా వాణ్ణి బోనులో చూడాలి. నేనేం చేశానో వాడు అక్కడ చెప్పాలి" అన్నాడు.

పేరు రాసిచ్చారు. ఆ వీడియోలో కనీసం పదిహేను ముఖాలు స్పష్టంగా కనపడుతున్నాయి. కేసులో మాత్రం 'గుర్తు తెలియని వ్యక్తులు' అనే ఉంది. ఆ పిల్ల తల్లి ఒకసారి ఆస్పత్రికొచ్చింది. పిల్ల ఇంట్లోంచి తనంతట తనే బయటికెళ్ళిపోయిందని వాళ్ళావిడ దగ్గర ఒప్పుకుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సాక్ష్యం చెప్తావా అంటే, "ఊళ్ళో ఉండాలి కదమ్మా" అని వెళ్ళిపోయింది.

ఇంటికి తీసుకొచ్చాక నాలుగు వారాలున్నాడు. నడుస్తున్నాడు, గంజి తాగుతున్నాడు. ఒకరోజు పొద్దున కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటూ పడిపోయాడు. తలలో నెత్తురు గడ్డకట్టిందన్నారు. ఆస్పత్రికి చేరేలోపే అయిపోయింది.

దహనానికి ఫైటర్లందరూ వచ్చారు. హీరోగారు పూలదండ పంపించారు. కోటిలింగాల రేవు దగ్గర చితి కాలుతుంటే ఒక పెద్దమనిషి నాతో, "ఆ ఊరోళ్ళని వరసగా నిలబెట్టి కాల్చెయ్యాలండి" అన్నాడు. తలూపబోయి ఆగాను.

బస్సులో ఆ సీను చూసిన మర్నాడు వాళ్ళింటికి వెళ్ళాను. ఇంక మొయ్యలేననిపించింది. ఆవిడ వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నిలబడే చెప్పేశాను. వీడియో నాకూ వచ్చిందని, ఆయనని తెలీదని, ఒకరిద్దరికి కాదు, రెండు గ్రూపులకి పంపించానని, దాని కింద ఒక మాట రాశానని.

ఆవిడ తలెత్తలేదు. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"కూర్చోండి" అంది. కూర్చున్నాను.

"మా వాడూ పెట్టాడండి" అంది.

నాకు అర్థం కాలేదు.

"ఆ రోజు మధ్యాహ్నం హాస్టల్లో వచ్చిందట వాడికి. ముఖం తెలీట్లేదు కదండీ. ఏదో రాసి వాడి ఫ్రెండ్సందరికీ పంపాడు. సాయంత్రం నేను ఫోను చేశాక తెలిసింది. ఆయనకి నేను చెప్పలేదు. ఆయన తెలీకుండానే వెళ్ళిపోయారు. వాడు కాలేజీకి వెళ్ళటం మానేశాడు. అన్నం సరిగ్గా తినట్లేదు. మీరు పాఠాలు చెప్పేవారు కదా, వాడితో ఒకసారి మాట్లాడండి."

లోపలికెళ్ళాను. కుర్రాడు కిటికీ దగ్గర నేల మీద కూర్చుని ఉన్నాడు. తండ్రి నుదురే. నేనూ నేల మీద కూర్చున్నాను. "నేనూ పంపించాను బాబూ" అన్నాను.

అప్పుడు నా వైపు చూశాడు. "ఏమని రాశారు సార్?"

రాసింది రాసినట్టు చెప్పాను.

"ఎందుకు రాశారు?"

"ఆలోచించకుండా రాశాను."

కుర్రాడు తల అడ్డంగా ఊపాడు.

"నేను ఆలోచించాను సార్. కోర్టుకెళ్తే వీడికి బెయిలొచ్చేస్తుంది, ఇదే కరెక్టు అనుకున్నాను. రెండుసార్లు చూసి, బాగా ఆలోచించే పెట్టాను."

వాళ్ళమ్మ గుమ్మంలోకొచ్చి అన్నం వడ్డించానంది. ఇద్దరం లేవలేదు.